భూమి దస్త్రము ఎంతవరకు తెరువవలెను?

బాలానగరు, జీడిమెట్లలు దాటి నర్సాపూరునకు పోవు రహదారిపై, మేడ్చలు బాటయు మియాపూరు బాటయు వచ్చి కలిసికొను గండిమైసమ్మ చౌరస్తాకు చుట్టుపట్ల నున్న గ్రామములలో, ఒక తరమునకు పూర్వము ఎకరముల లెక్కన అమ్ముడుపోయిన భూమి తరువాత గుంటల లెక్కకును, నేడు గజముల లెక్కకును దిగివచ్చినది. ఇట్టి చోట భూమికంటె భూమినిగూర్చిన కాగితమునకే విలువ హెచ్చు. ఆ కాగితము కంప్యూటరులోనికి ఎక్కిన పిమ్మట, దానిని ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును, దిద్దిన జాడ ఎచ్చట నిలుచును, ఆ కంప్యూటరును నడపు ప్రోగ్రాము ఎవరి సొత్తు అను ప్రశ్నలు పండితుల గోష్ఠులను విడిచి, రైతుకును, ప్లాటు కొనువానికిని, తహసీలు కార్యాలయపు వరండాలో నిలుచున్న విధవరాలికిని జీవన్మరణ ప్రశ్నలైనవి.

తెలంగాణ భూరికార్డుల ధరణి పోర్టలును నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 2020 అక్టోబరు 29న ప్రారంభించినది ఈ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, శామీర్‌పేట ప్రాంతమందలి మూడుచింతలపల్లిలో. నాటినుండి 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చువరకును, వచ్చిన పిమ్మటను నడచిన వాదోపవాదములలో ఓపెన్ డేటా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, వ్యక్తిగత గోప్యత అను మూడు వేర్వేరు చింతనలు ఒకదానిలో నొకటి చిక్కుకొనిపోయినవి. రికార్డులు తెరువవలెనని కోరినవారు ఏ రికార్డులోని ఏ భాగమును తెరువవలెనో విడదీసి చెప్పకపోవుటచేతను, దాచవలెనని కోరినవారు ఎవరినుండి దాచవలెనో తేల్చకపోవుటచేతను, చర్చ పార్టీల వాదులాటగా మారి అసలు ప్రశ్న మరుగునపడినది. ఆ చిక్కును విడదీసి చూచుటయే ఈ సమీక్షకు ప్రయోజనము.

పట్వారి బస్తానుండి పోర్టలు వరకు

నిజాము పాలనలో మేడ్చలు తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలోనిది. ఈ ప్రాంతమున పెక్కు గ్రామములు నిజాము స్వంత ఆస్తియైన సర్ఫెఖాసు క్రిందను, మరికొన్ని జాగీర్ల క్రిందను ఉండెను. 1949లో సర్ఫెఖాసు విలీనమును, జాగీర్ల రద్దును జరిగిన పిమ్మట, ఎవరి భూమి ఎవరిదని తేల్చుటకు 1954–55లో ఖాస్రా పహాణీ అను భూలెక్కల పుస్తకము తయారైనది. తొలి సర్వే రిజిస్టరగు సేత్వారు, ఆ ఖాస్రా పహాణీ, ఈ రెండింటి నకళ్లనే నేటికిని న్యాయవాదులు లింకు డాక్యుమెంట్ల వరుసకు మొదట నిలుపుచున్నారు. ఆ పాత దస్త్రములు చాలవరకు ఉర్దూలో నున్నవి. తన పేరు వ్రాసియున్న కాగితమును తాను చదువలేని రైతునకు అది బహిరంగ దస్త్రమైనను మూసినదానితో సమానమే కదా!

పహాణీలో ఒక పంక్తిని పట్టి చూచిన ఈ వివాదమంతయు అందులోనే కనబడును. సర్వే నంబరు, దాని ప్రక్క బై నంబరు, విస్తీర్ణము ఎకరములలోను గుంటలలోను, పిమ్మట పట్టాదారు పేరు. మరికొంత ముందునకు పోయిన అనుభవదారు పేరు, పంట, నీటి ఆధారము. ఆ రెండు పేర్లు ఒకటియే యైనచోట చిక్కు లేదు. పట్టా దొరదిగా నుండి దున్నువాడు వేరైనచోటను, సాదాబైనామాపై కొని తెల్లకాగితమును పెట్టెలో దాచుకొన్నచోటను, ఆ అనుభవదారు కాలమే పేదవాని ఏకైక సాక్ష్యము. ఈ పుస్తకము చట్టముచే ప్రభుత్వముది. ఆచరణలో అది పట్వారి యింట బస్తాలో నుండెను. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పటేలు పట్వారి వ్యవస్థను రద్దుచేయుటతో బస్తా కార్యాలయమునకు చేరినదేగాని, దానిని చూచుటకు ఎవరినో బతిమాలుకొను అలవాటు రద్దుకాలేదు.

ఇక్కడ ఒక విషయము మరువరాదు. భూలావాదేవీలు బహిరంగముగా నుండవలెననుట కంప్యూటరు యుగమున పుట్టిన కోరిక కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టపు 57వ సెక్షను ప్రకారము స్థిరాస్తి దస్తావేజులు నమోదగు పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. ఆస్తిపై భారములను తెలుపు ఈసీ తీసికొను ఆచారమంతయు ఈ సూత్రముపైననే నిలిచియున్నది. కనుక భూమి విషయమున పూర్ణగోప్యతను కోరువారు శతాబ్దమునకు పైబడిన న్యాయమునే కాదనవలసివచ్చును.

ఉమ్మడి రాష్ట్రమునాటి వెబ్‌ల్యాండు, 2011లో వచ్చిన మీసేవ, తెలంగాణలో మాభూమి, ఈ క్రమమున పహాణీ తెరమీదికి వచ్చినది. 2017 సెప్టెంబరు 15న భూరికార్డుల శుద్ధీకరణ మొదలై, 2018 మే 10న రైతుబంధుతోపాటు కొత్త పాసుపుస్తకముల పంపకము ఆరంభమైనది. శుద్ధీకరణలో వివాదమున్నదని తోచిన ఖాతాలు పార్ట్–బీలో పడినవి. వీనిని విచారించి తేల్చుటకు ముందే 2020 నాటి కొత్త చట్టములు వచ్చి, గ్రామ రెవెన్యూ అధికారి పదవిని తీసివేసి, రెవెన్యూ కోర్టులను తొలగించి, అనుభవదారు కాలమును ఎత్తివేసి, మిగిలినదానిని ధరణి అను ఒక్క కవాటము గుండా నడిపించినవి.

తెరువవలెననువారి వాదము

ఓపెన్ డేటా వాదమునకు మనదేశమున రెండు వేళ్లు కలవు. సమాచార హక్కు చట్టపు 4వ సెక్షను, అడుగకయే ప్రభుత్వము తన సమాచారమును ప్రకటించవలెనని 2005లోనే విధించినది. 2012 నాటి జాతీయ డేటా పంపిణీ విధానము దానికి సాంకేతిక రూపమిచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2016లో స్వంత ఓపెన్ డేటా విధానమును ప్రకటించి పోర్టలు నెలకొల్పినది. ఈ విధానములలో నెచ్చటను పౌరుని ఆధార్ సంఖ్యను బయటపెట్టుమని లేదు. వ్యక్తిగతమును సున్నితమును ముందే మినహాయించిరి. ఓపెన్ డేటావాదులు గోప్యతకు శత్రువులను అపవాదు అందుచేత నిలువదు.

ఈ వాదమునకు మన ప్రాంతమున లభించు గొప్ప బలము ఉపాధిహామీ పథకము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006నుండి మస్టరు రోళ్లను, కూలి చెల్లింపులను కంప్యూటరీకరించి బహిరంగపరచి, సామాజిక తనిఖీని ప్రభుత్వ కార్యక్రమముగా నడిపి, 2009లో దానికొక ప్రత్యేక సొసైటీని స్థాపించినది. అచ్చట ప్రధానము వెబ్‌సైటు కాదు. ఆ జాబితాను ఊరిలో గట్టిగా చదివి వినిపించుట, చనిపోయినవాని పేర కూలి పడెనని నలుగురిలో ఎవరో ఒకరు లేచి చెప్పుట, అధికారి అక్కడనే సమాధానము చెప్పుకొనవలసివచ్చుట, ఇవి ప్రధానము.

భూమి విషయమున ఇందుకు భిన్నముగా జరిగినది. ధరణిలో ఒక్కొక్క సర్వే నంబరును వెదకి చూచుకొనవచ్చును గాని, ఒక గ్రామపు రికార్డునంతయు ఒక్కచో పెట్టుకొని నిరుటికిని నేటికిని మారినదేమో పోల్చుకొను వీలు పౌరునకు లేకపోయెను. పైగా కోరిన పట్టాదారు వివరములు ఇతరులకు కనబడకుండ దాచుకొను సౌకర్యము కల్పించిరి. తన రెండెకరముల వివరములు దాచుకొనవలెనని చిన్నరైతునకు తోచుట అరుదు. విలువైన భూములపై ఈ తెర కప్పబడెనను అనుమానము ప్రబలినది అందుచేతనే.

దాచుటవలని నష్టము ఎంతటిదో దుండిగల్–గండిమైసమ్మ మండలమే చూపినది. చెరువుల ఆక్రమణలను తొలగించుటకు 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా, అదే సంవత్సరము సెప్టెంబరులో దుండిగల్ పురపాలక పరిధిలోని మల్లంపేట కత్వ చెరువులో కట్టిన విల్లాలను కూల్చివేసినది. చెరువు పూర్తి నీటిమట్టపు గీత, దానికి వెలుపలి బఫరు జోను, ఆ గీత ఏ సర్వే నంబరును ఎంతవరకు కోయుచున్నదో చూపు పటము, ఇవి కొనుగోలుదారునకు రిజిస్ట్రేషనుకు ముందే ఒక్కచోట కనబడవలసిన విషయములు. రెవెన్యూ రికార్డు ఒకచోట, నీటిపారుదల శాఖ కొలత ఇంకొకచోట, హెచ్‌ఎండీఏ నోటిఫికేషను వేరొకచోట నున్న కాలమున, ఎఫ్‌టీఎల్ అను మూడక్షరముల భావము జేసీబీ వచ్చిననాడు తెలియుట సామాన్యునకు ప్రాప్తమైనది. భువన్ అను పటముల సేవను 2009లో లోకమునకిచ్చిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము ఇదే నర్సాపూరు రహదారి మొదట బాలానగరులో నున్నది. ఉపగ్రహము చెరువుకట్టను చూడగలుగుచుండగా కొనువాడు చూడలేకపోవుట సాంకేతిక లోపము కాదు, పాలనాలోపము.

తెరచినంతనే న్యాయము కలుగునా?

ఈ సందేహమును మొట్టమొదట గట్టిగా లేవనెత్తినది కర్ణాటక అనుభవము. ఆ రాష్ట్రపు భూరికార్డుల ‘భూమి’ పథకము 2000 ప్రాంతమున ప్రపంచమంతట కీర్తిగాంచినది. పరిశోధకుడు సాలమన్ బెంజమిన్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన పరిశీలనలో, బెంగుళూరు చుట్టుపట్ల రికార్డులు కేంద్రీకృతమై సులభముగా లభ్యమగుటచే లాభపడినవారు పెద్ద భూవ్యాపారులనియు, స్థానికముగా నెగ్గుకొనివచ్చు చిన్నవారి బలము తగ్గెననియు వాదించిరి. నాలుగేండ్లకు మైకేల్ గర్‌స్టీన్ ఈ ఉదాహరణమును చేపట్టి, డేటాను వాడుకొను శక్తి గలవారికే ఓపెన్ డేటా మరింత శక్తినిచ్చుననెను.

గండిమైసమ్మ పరిసరములకు ఈ హెచ్చరిక అతికినట్లు సరిపోవును. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన పిమ్మట ఇక్కడ వెంచరు వేయదలచినవానికి గ్రామపు రికార్డు మొత్తము చేతికందినచో, ఏ ఖాతాలో వారసుల తగవున్నదో, ఏది పార్ట్–బీలో పడి చౌకగా దొరకునో ఇట్టె తెలియును. అట్లని మూసివేసినచో? ధరణికాలమున మూతవలన ఆ వ్యాపారి నష్టపోలేదు. అతనికి లోపలి దారులు కలవు. నష్టపోయినది దారి లేనివాడు. బెంజమిన్ విమర్శ సత్యమే గాని, దానినుండి మూసివేతను సమర్థించుట పొరపాటు. తెరచుటకు తోడు చదివి చెప్పు మనిషి, వినిపించుకొను అధికారి, అప్పీలు ఉండవలెనన్నదే దాని తాత్పర్యము.

గోప్యతావాదము

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ తీర్పు బలము తెలంగాణలో కనబడుటకు ఎక్కువకాలము పట్టలేదు. ధరణి ప్రారంభమైన కొద్దిరోజులకే, వ్యవసాయేతర ఆస్తుల నమోదు నిమిత్తము ఇంటింటి కుటుంబ వివరములు, ఆధార్, కులము అడుగుటను సవాలు చేయు వ్యాజ్యములపై హైకోర్టు 2020 నవంబరులో ఆ సేకరణను నిలిపివేసినది. ఇల్లు అమ్ముకొనుటకు కులమెందుకు? చట్టమున లేని ప్రశ్నను ఫారము ఎట్లు అడుగును? ఈ రెండు ప్రశ్నలకు ప్రభుత్వమువద్ద తృప్తికరమైన సమాధానము లేకపోయెను.

ఫారములో వ్రాసిన వివరము ఫారములోనే ఉండినచో ఈ భయము ఇంత తీవ్రము కాకపోవును. తెలంగాణలో పలుశాఖల డేటాబేసులను ఒక వ్యక్తి పేరున జతపరచు సమగ్ర వేదిక అను వ్యవస్థ కలదు. రేషను కార్డుల ఏరివేతకు కంప్యూటరు లెక్కను ఆధారము చేసికొనుటపై సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకెక్కగా, 2016నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలించవలెనని 2022 ఏప్రిలులో న్యాయస్థానము ఆదేశించినది. ఒకచోట వ్రాసిన తప్పు వేరొకచోట అన్నము మాన్పించుట యనగా ఇదియే. గోప్యతయనగా రహస్యము దాచుకొనుట యని తలచువారు ఈ ఉదాహరణమును పదేపదే చదువవలెను. పేదవాడు దాచుకొనుటకేమియు లేకయే నష్టపోయినాడు.

అయితే గోప్యత పేరున వచ్చిన చట్టమే సమాచార హక్కును తగ్గించుట ఈ కథలోని చేదు మలుపు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టపు 44(3) సెక్షను, సమాచార హక్కు చట్టపు 8(1)(జె) నిబంధనను మార్చి, వ్యక్తిగత సమాచారమునకు పూర్వమున్న షరతులను తీసివేసినది. 2025 నవంబరులో అది అమలులోనికి వచ్చినది. ప్రజాహితము హెచ్చైనచో ఇవ్వవచ్చునను 8(2) మిగిలియున్నను, ఇచ్చుటకు అధికారి సాహసింపవలెను, ఇవ్వకపోవుటకు సాహసమక్కరలేదు.

కోడు ఎవరిది?

మూడవ వాదము బహిరంగసభలలో అన్నిటికంటె తక్కువగా వినబడినది. నా దృష్టిలో అన్నిటికంటె లోతైనది. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమము, తెలుగులో కంప్యూటరును నడపుటతోపాటు, సాఫ్ట్‌వేరును చదువుటకు, మార్చుటకు, పంచుటకు గల హక్కును చెప్పుచు వచ్చినది. కేంద్రప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్స్ విధానమును ప్రకటించి, ప్రభుత్వ కార్యాలయములు దానికి ప్రాధాన్యమియ్యవలెననెను. కాగా రాష్ట్రపు భూరికార్డంతయు నడిచిన ధరణి నిర్వహణ ఒక ప్రయివేటు సంస్థ చేతిలో నుండెను. 2024 డిసెంబరు నుండి అది కేంద్రప్రభుత్వ సంస్థయగు ఎన్‌ఐసీకి మారినది.

చర్చయంతయు ఆ సంస్థ యజమానులెవరను దానిచుట్టు తిరిగినది. అది చిన్న ప్రశ్న కాదు. కాని పెద్ద ప్రశ్న వేరు. ధరణికాలమున తహసీలు కార్యాలయములో తరచుగా వినబడిన మాట “దీనికి మాడ్యూలు లేదు” అనునది. పేరులో అక్షరదోషము దిద్దుటకొక మాడ్యూలు, విస్తీర్ణము తగ్గినదని చెప్పుకొనుటకు టీఎం–33, ఇట్లు ముప్పదికి పైగా గవాక్షములు ఏర్పడినవి. ఒక మాడ్యూలులో దరఖాస్తు తిరస్కృతమైన కారణము తెలియక ఇంకొకదానిలో రుసుము కట్టి మరల వేచియుండిరి. చట్టమిచ్చిన హక్కునకు తెరమీద బొత్తాము లేనియెడల హక్కే లేనట్లయినది. అట్లే, ఒక సర్వే నంబరులో ఒక బై నంబరు నిషేధిత జాబితాకెక్కినచో, రిజిస్ట్రేషన్ చట్టపు 22–ఏ సెక్షను పేరున తక్కిన బై నంబరుల రిజిస్ట్రేషనులును ఆగిన సందర్భములు కలవు. ఇట్లు ఆపవలెనని శాసనసభ ఎప్పుడు తీర్మానించెను? ఏ జీవో చెప్పెను? ప్రోగ్రాములో వ్రాయబడిన ఒక షరతు చట్టమువలె ప్రవర్తించినది. దానిని చదువుటకు రైతునకుగాని న్యాయవాదికిగాని అవకాశము లేదు. శాసనమును గెజిట్లో అచ్చువేయనిదే అమలుపరచరాదనుట మనకు స్వతస్సిద్ధమైనచో, శాసనముగా ప్రవర్తించు కోడును ఎందుకు ప్రకటింపరాదు?

భద్రతకు భంగమను ఆక్షేపణ వచ్చును. తాళపుచెవులను ఎవరును అడుగుటలేదు. సంకేతపదములు, సర్వరుల వివరములు దాచి, నిర్ణయములను నడపు షరతులను ప్రకటించుట సాధ్యము. నిర్వహణ ఎన్‌ఐసీకి మారుటచే కాపలాదారు మారెను, మేలే జరిగెను. సోర్స్ కోడ్ మాత్రము ప్రజల చేతికి రాలేదు.

పొరుగు రాష్ట్రము, కొత్త చట్టము

ఆంధ్రప్రదేశ్ వేరొక దారి పట్టినది. 2020 డిసెంబరులో సమగ్ర రీసర్వే మొదలుపెట్టి, 2023 అక్టోబరు 31నుండి భూహక్కుల చట్టమును అమలులోనికి తెచ్చినది. హక్కుల రిజిస్టరులో నమోదైనదే తుదిమాట యను ఆ చట్టపు ధోరణి, సివిల్ కోర్టుల పాత్రను తగ్గించుననియు, అధికారి చేయు తప్పు ఆస్తిని హరించుననియు న్యాయవాదులు ఆందోళన చేసిరి. 2024లో వచ్చిన ప్రభుత్వము దానిని రద్దుచేసినది. తెలంగాణలో అప్పీలు లేని ధరణియు, ఆంధ్రలో రిజిస్టరునకు తిరుగులేని హోదానిచ్చిన చట్టమును, రూపమున వేరైనను ఒకే భయమును రేపినవి: తెరమీది పేరు తప్పైనచో చెప్పుకొనుటకెచ్చటికి పోవలెను?

ఎం. కోదండరెడ్డి, భూచట్టముల నిపుణుడు ఎం. సునీల్‌కుమార్ మొదలగువారితో తెలంగాణలో ధరణిపై 2024 జనవరిలో ఏర్పడిన కమిటీ పరిశీలన పిమ్మట వచ్చిన భూభారతి చట్టము అప్పీలును తిరిగి తెచ్చినది, మాడ్యూళ్లను ఆరునకు తగ్గించినది, ప్రతి కమతమునకు భూధార్ సంఖ్య ఇచ్చెదనన్నది. 2025 జూనులో గ్రామగ్రామమున రెవెన్యూ సదస్సులు జరిగినవి. ఇది ఉపాధిహామీ తనిఖీల దారికి దగ్గరగా వచ్చిన అడుగు కనుక హర్షింపదగినది.

పోల్చి చూచిన

ఓపెన్ డేటావాది రికార్డును అడుగుచున్నాడు, గోప్యతావాది మనిషిని కాపాడుమనుచున్నాడు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌వాది యంత్రమును చూపుమనుచున్నాడు. వీరిని పరస్పర విరోధులుగా నిలిపినది వాదములలోని వైరుధ్యము కాదు, మన వ్యవస్థలు నడచిన తలక్రిందుల తీరు. ఉత్తరువు, దానికి కారణము, మార్పుల చరిత్ర, నిషేధిత జాబితా, చెరువు గీత, ఇవన్నియు ప్రభుత్వ క్రియలు, వీనిని మూసిరి. ఆధార్, కులము, ఫోను, కుటుంబము, ఇవి పౌరునివి, వీనిని పోగుచేసిరి. ప్రభుత్వము చేసిన పనిని తెరచి, పౌరుని శరీరమునకు కుటుంబమునకు సంబంధించినదానిని మూసినచో, మూడు వాదములకును చాలవరకు చోటు దొరకును. బెంజమిన్ హెచ్చరిక మాత్రము అప్పటికిని తీరక నిలుచును.

తీరని ప్రశ్నలు

పట్టాదారు పేరు ఏ వైపునకు చేరును? అది వ్యక్తి పేరే. అయినను భూమిపై లోకమంతటికి వ్యతిరేకముగా చెల్లు హక్కును ప్రకటించు పేరు. సర్వే నంబరుతో వెదకిన పేరు కనబడవలెననియు, పేరుతో వెదకిన అతని ఆస్తులన్నియు కనబడరాదనియు ఒక మధ్యమార్గము నాకు యుక్తముగా తోచుచున్నది. దానికి చట్టబద్ధమైన రూపమింకను రాలేదు. అనుభవదారు వివరము బయటపడుట పేదకౌలుదారునకు రక్షయో, భూస్వామి కోపమునకు గురిచేయు ప్రమాదమో, అదియు గ్రామమునుబట్టి మారును.

పటముల సమస్య వీనికంటె మొండిది. రాష్ట్రమున నక్షా, అనగా గ్రామపటము, లేని గ్రామములే 413 ఉన్నట్లు తేలినది. నక్షా ఉన్నచోటను టీపన్ అను పాత సర్వే పత్రములోని కొలతకును నేలమీది గట్టునకును పొత్తు కుదరకున్నచో, భూధార్ సంఖ్య ఏ హద్దునకు అంటుకొనును? 2021లో పటముల తయారీపై ఆంక్షలు సడలినవి. కొలుచువారు పెరిగిరి, ఎవరి కొలత చెల్లునో తేలలేదు.

2016 అక్టోబరులో జిల్లాలు చీలినప్పుడు కుత్బుల్లాపూరు మండలమునుండి గ్రామములు కొత్త దుండిగల్–గండిమైసమ్మ మండలమునకు వచ్చినవి. దస్త్రములు రంగారెడ్డి జిల్లానుండి కొత్త జిల్లాకు మారినవి. ఇట్టి గ్రామమున ఒక సర్వే నంబరు నిషేధిత జాబితాలో నున్నదని పోర్టలు చెప్పును. ఎవరి ఉత్తరువుచే ఎక్కినది, ఆ ఉత్తరువు ఏ తేదీది, పూర్తి నంబరునకా ఒక్క బై నంబరునకా, పహాణీలోని ఏ పంక్తి దానికాధారము, ఆ పంక్తి ఉర్దూ మూలమున ఎట్లున్నది అను వివరములు ఆ సర్వే నంబరు ప్రక్కనే తెలుగులో నిలుపబడనంతవరకు, కొనువాడు న్యాయవాది యొద్దకును, న్యాయవాది సమాచార హక్కు దరఖాస్తునకును, ఆ దరఖాస్తు ఇపుడు 44(3) సెక్షను మార్చిన నిబంధన ఎదుటికిని పోవలసియున్నది.